చూసి కూడా చూడని బొమ్మలు

(ఒక సభలో చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారం.

ఆదిమానవులు వేసిన గుహ చిత్రాల గురించి మాట్లాడాలి కాబట్టి నేను స్లయిడ్లు తెస్తాననుకుని ఇక్కడ తెర కట్టి ఉంచారు. తేలేదు. మర్చిపోయి కాదు, కావాలనే. ఇరవై ఏళ్లపాటు ఈ బొమ్మల్ని పుస్తకాల్లోనూ కంప్యూటర్‌లోనూ చూశాను. ఏ గుహలో ఏ గోడమీద ఏ జంతువు ఉందో అడిగితే గడగడా అప్పజెప్పేవాణ్ణి. తర్వాత ఒకసారి నిజంగా గుహలోకి వెళ్లాను. బయటికి వచ్చాక, ఇన్నాళ్లూ నేను చూసినవి ఆ బొమ్మలు కావని తెలిసొచ్చింది. ఫోటోలు చూపించి మీకూ అదే పొరపాటు అంటించడం ఎందుకని, తెరను అలాగే ఖాళీగా వదిలేస్తున్నాను. కట్టినవాళ్లు నన్ను క్షమించాలి. (నవ్వులు)

ఆ గుహ పేరు నియో. ఫ్రాన్స్‌కి దక్షిణాన, స్పెయిన్ సరిహద్దుకి దగ్గరగా, పిరెనీస్ పర్వతాల్లో ఉంది. ఆ ప్రాంతాన్ని అరియేజ్ అంటారు. నియో అని రాసేటప్పుడు చివర ఎక్స్ అక్షరం ఉంటుంది గానీ దాన్ని పలకరు. నేను టిక్కెట్టు బుక్ చేసేటప్పుడు ఫోన్‌లో దాన్ని గట్టిగా పలికాను. అవతల కాసేపు నిశ్శబ్దం. ఈ గుహనే ఎందుకు ఎంచుకున్నానంటే, లోపల కరెంటు దీపాలు పెట్టలేదు. చదును చేసిన దారి లేదు, మెట్లూ లేవు. మీ చేతికి ఒక టార్చిలైటు ఇస్తారు. అంతే. గుహ మొదట్లో ఎలా ఉండేదో దాదాపు అలాగే నడవాలి. గైడు లేకుండా పంపరు, గుంపులో ఎక్కువమందిని తీసుకోరు.

గుహ నోరు మాత్రం పెద్దదే. కొండ పక్కన ఆవులించినట్టు తెరుచుకుని ఉంటుంది. అక్కడ తుప్పురంగు ఇనుపరేకులతో పెద్ద పక్షి రెక్కల్లాంటి కట్టడం ఒకటి నిలబెట్టారు. మాసిమిలియానో ఫుక్సాస్ అనే ఇటలీ ఆర్కిటెక్టు చేసింది. నాకు అంత నచ్చలేదు. కానీ పది అడుగులు లోపలికి వేశాక అది గుర్తుకు కూడా రాలేదు.

లోపల ఏడాది పొడుగునా ఒకటే చలి, పన్నెండు డిగ్రీల దగ్గర. బయట మండుటెండైనా మంచైనా దానికి పట్టదు. మేం వెళ్లాల్సిన గది ముప్పావు కిలోమీటరు లోపల ఉంది. కొన్నిచోట్ల పైకప్పు మన టార్చి వెలుగు అందనంత ఎత్తు, కొన్నిచోట్ల తల వంచాల్సినంత దగ్గర. కింద కాసేపు ఇసుక, కాసేపు బండ, మధ్యలో నీటి గుంటలు. పైనుంచి దిగిన సున్నపు ఊడల మీద తడి మెరుస్తూ ఉంటుంది. నేను నునుపు అడుగున్న బూట్లు వేసుకెళ్లాను. గుహకి ఎవరూ వేసుకెళ్లకూడనివి అవే. ఒక తడిబండ మీద కాలు జారింది. పడిపోకుండా పక్కన గోడని పట్టుకోబోయాను. గైడు వెనక్కి తిరిగి ఒక్క కేక వేసింది. నేను పడతానేమోనన్న కంగారు కాదు, గోడమీద చెయ్యి వేస్తానేమోనని. చెయ్యి వెనక్కి లాక్కుని కింద కూలబడ్డాను. మోకాలు చెక్కుకుపోయింది, గోడ క్షేమం. ఆవిడ లేవదీసి, నవ్వి, "మంచి పని చేశారు" అంది. ఒంటి చెమట, జిడ్డు తగిలితే ఆ గోడలు తట్టుకోలేవట. తర్వాత చెబుతాను, ఊపిరే తట్టుకోలేవు.

అలా నడుస్తుంటే ఒకచోట గోడమీద పేర్లు కనిపించాయి. ఎక్కడికి వెళ్లినా గోడమీద పేరు చెక్కుకునే అలవాటు కొత్తదేం కాదని అప్పుడే తెలిసింది. 1660లో రూబెన్ ద లా వియాల్ అనే ఆయన ఇక్కడికి వచ్చి తన పేరూ సంవత్సరమూ రాసుకుపోయాడు. అంతకంటే ముందువాళ్లూ ఉన్నారు. అంటే పదిహేడో శతాబ్దం నుంచీ జనం దివిటీలు పట్టుకుని ఈ గుహలో తిరుగుతూనే ఉన్నారన్నమాట. మరి బొమ్మల సంగతి ప్రపంచానికి ఎప్పుడు తెలిసింది? 1906లో. దాదాపు రెండు వందల యాభై ఏళ్లు వచ్చినవాళ్లంతా ఏం చేసినట్టు?

ఇక్కడ ఫెలిక్స్ గారిగూ అనే పెద్దమనిషి గురించి చెప్పాలి. పిరెనీస్ గుహల్లో పాతకాలపు ఎముకలు, పనిముట్లు తవ్వి తీసిన డాక్టరు. ఆషామాషీ యాత్రికుడు కాదు, ఆదిమానవుడి కోసమే వెతుకుతున్న మనిషి. 1860ల్లో ఆయన నియో గుహకి వచ్చాడు. బొమ్మలు చూశాడు కూడా. నోటుపుస్తకంలో ఒక మాట రాసుకున్నాడు: గోడమీద బొమ్మలున్నాయి, అవి ఏమై ఉంటాయి? అంతే. పుస్తకం మూసేసి వెళ్లిపోయాడు. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటే ఇదే. ఆయన వెతికే మనిషి గీసిన గీత ఎదురుగా ఉంది. కానీ ఆ మనిషి బొమ్మ వెయ్యగలడన్న ఊహే అప్పటికి ఎవరి బుర్రలోనూ లేదు. ఊహ లేకపోతే కన్ను ఏం చేస్తుంది పాపం.

గైడు ఈ కథ చెప్పినప్పుడు అందరం నవ్వాం. నేను కొంచెం గట్టిగానే నవ్వాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

స్పెయిన్‌లో ఇదే కథ ఇంకో రకంగా జరిగింది. అల్తామిరా గుహ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1879లో మార్సెలినో సాన్స్ ద సౌతువోలా అనే ఆయన తన ఎనిమిదేళ్ల కూతురు మరియాని వెంటబెట్టుకుని అందులోకి వెళ్లాడు. ఆయన అంతకుముందూ వచ్చినవాడే. రాతి పనిముట్ల కోసం తల వంచుకుని నేల తవ్వుతున్నాడు. పిల్లకి ఆ గోల లేదు. తల ఎత్తి పైకి చూసి, నాన్నా, ఎద్దులు అంది. పైకప్పు నిండా ఎర్రటి, నల్లటి బైసన్లు. బైసన్ అంటే మూపురం ఎత్తుగా, గడ్డం గుబురుగా ఉండే అడవిదున్నలాంటి జంతువు. మరుసటి ఏడాది, 1880లో ఆయన చిన్న పుస్తకం వేసి, ఇవి రాతియుగపు మనుషులు వేసినవని రాశాడు. పండితులు కొట్టిపారేశారు. ఇంత బాగున్నవి అంత పాతవి ఎలా అవుతాయి అన్నారు. ఎవరో పెయింటర్‌ని పెట్టి వేయించాడని కూడా అనుమానించారు. అందరికంటే గట్టిగా కాదన్నవాళ్లలో ఫ్రాన్స్‌కి చెందిన ఎమిల్ కార్తయాక్ ఒకడు. ఆ మచ్చతోనే సౌతువోలా 1888లో చనిపోయాడు.

తర్వాత ఫ్రాన్స్‌లో ఒక్కొక్కటే బయటపడ్డాయి. 1895లో లా మూత్ అనే గుహలో, వేల ఏళ్లనాటి మట్టి పూడుకుపోయిన దారి తవ్వితే దాని వెనక గోడమీద బొమ్మలున్నాయి. మట్టి వెనక ఉన్నదాన్ని నిన్నగాక మొన్న ఎవరు వేస్తారు? 1901లో ఇంకో రెండు గుహలు. కార్తయాక్ 1902లో తప్పు ఒప్పుకుంటూ వ్యాసం రాశాడు. పేరులోనే తప్పు నాదే అని పెట్టాడు. పండితుడు అచ్చులో అలా ఒప్పుకోవడం ఎంత అరుదో పండితుల మధ్య తిరిగేవాళ్లకి తెలుసు. అందుకే ఆయన మీద నాకు కోపం లేదు. ఆ తర్వాత నాలుగేళ్లకే మొలార్ అనే సైనికాధికారి ఇద్దరు కొడుకులతో కలిసి నియో గుహకి కొలతలు తీస్తూ ఈ బొమ్మల్ని చూశాడు. ఈసారి వెంటనే గుర్తుపట్టారు, ఎందుకంటే ఇప్పుడు బుర్రలో దానికి చోటుంది. వాటిని అధ్యయనం చేయడానికి వచ్చిందెవరనుకున్నారు? ఆన్రీ బ్రోయ్ అనే యువకుడైన మతగురువుతో కలిసి, అదే కార్తయాక్.

మన దేశం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే దీన్ని చాలామంది చెప్పరు. ఆర్చిబాల్డ్ కార్లైల్ అనే పురావస్తు శాఖ ఉద్యోగి 1867, 68 ప్రాంతంలోనే మీర్జాపూర్ కొండల్లో, సోహాగీ ఘాట్ దగ్గర రాతి చిత్రాలు చూశాడు. అంటే మరియా తల ఎత్తడానికి పదేళ్లకు పైనే ముందు. పైగా ఆయన గారిగూలాగా ఏమై ఉంటాయో అని వదిలెయ్యలేదు, పాతకాలపు మనుషులవే అనుకున్నాడు. కానీ అచ్చు వెయ్యలేదు. ఆయన పోయాక, ఆ నోట్సు 1906లో అచ్చయింది. నియో బొమ్మలు బయటపడిన సంవత్సరమే. ఇక మధ్యప్రదేశ్‌లోని భీంబేట్కా కథ మీకు తెలిసిందే. 1957లో వాకణ్‌కర్ అనే పురావస్తు పరిశోధకుడు రైల్లో వెళుతూ కిటికీలోంచి ఆ కొండల్ని చూసి, దిగి నడుచుకుంటూ వెళ్లాడు. ఆ దారిన వెళ్లే రైళ్లలో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు అంతకుముందు ఎందరో!

భీంబేట్కాకీ నియోకీ ఒక పెద్ద తేడా ఉంది. భీంబేట్కాలో బొమ్మలు కొండచరియల కింద, వెలుతురు పడేచోట ఉన్నాయి. మనుషులు అక్కడే కూర్చున్నారు, పడుకున్నారు, పనిముట్లు చెక్కుకున్నారు. బొమ్మలు ఇంటిగోడ మీద ఉన్నట్టు. నియోలో అలా కాదు. లోపల ఎవరూ కాపురం లేరు. బతుకంతా బయట, బొమ్మ మాత్రం ముప్పావు కిలోమీటరు చీకట్లో. పని కట్టుకుని అంతదూరం వెళ్లి వేశారు.

ఆ చివరి గదిని ఫ్రెంచిలో సలోన్ న్వార్ అంటారు. నల్లగది. దాని ముందు ఇసుక దిబ్బ ఎక్కాలి. ఎక్కగానే పైన చాలా ఎత్తు, చుట్టూ గుండ్రం. గైడు అందర్నీ ఒక దగ్గరికి చేర్చి, టార్చిలు ఆపెయ్యమంది. ఒక్కొక్కటే ఆరిపోయింది. చివరికి తన లైటు కూడా ఆపింది.

కన్ను పొడుచుకున్నా కనపడదు అంటాం చూశారా, ఆ మాట నేను చిన్నప్పటి నుంచీ వాడుతున్నాను గానీ అర్థం తెలిసింది ఆ నిమిషంలోనే. బయట ఎంత చీకటైనా కాసేపటికి కళ్లు అలవాటుపడి ఏదో ఒక రూపు తెలుస్తుంది. ఇక్కడ ఎంతసేపు నిలబడినా అలవాటుపడదు, ఎందుకంటే అలవాటు పడటానికి వెలుతురే లేదు. నా చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నాను, లేదు. పక్కన ఎవరో మెల్లగా గొంతు సవరించుకున్నారు. ఆ చప్పుడు గది చుట్టూ తిరిగి పైకి వెళ్లి చాలాసేపటికి గానీ చావలేదు. ఇగోర్ రెజ్నికాఫ్ అనే సంగీత పరిశోధకుడు గుహల్లో పాడుకుంటూ తిరిగి, గొంతు బాగా మోగేచోట్లలోనే బొమ్మలు ఎక్కువగా ఉన్నాయని చెప్పాడు, ఈ గది కూడా వాటిలో ఉంది. అది రుజువా అంటే కాదు. పెద్ద గది అంటే ఎలాగూ మోగుతుంది, పెద్ద గదిలో ఎలాగూ గోడ దొరుకుతుంది. కానీ ఆ చీకట్లో నిలబడి ఆ దగ్గు విన్నవాడికి, ఇక్కడ ఎవరూ ఎప్పుడూ పాడలేదంటే నమ్మబుద్ధి కాదు.

అప్పుడు ఆవిడ తన లైటు వెలిగించింది. నేరుగా గోడమీదికి కాదు, కింద నుంచి, పక్కకి. ముందు నాకు ఏమీ కనిపించలేదు. లేత పసుపు సున్నపురాయి, దానిమీద నల్లటి ఒక గీత. వంపు తిరిగి ఉంది. రాయి పగులేమో అనుకున్నాను. ఆవిడ లైటు మెల్లగా జరిపింది. ఆ వంపు మూపురం అయింది. దాని కింద చిన్న కన్ను, గడ్డం, కొమ్ములు. వెనక్కి చూస్తే తోక. బైసన్ అక్కడ ముందునుంచీ ఉంది, నేను దాని మీదే చూపు పెట్టుకుని రాయి అనుకుంటున్నాను. గారిగూ గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

లైటు ఇంకాస్త జరిపేసరికి పక్కన ఇంకొకటి, వెనక గుర్రం, కింద కొండమేక, కొమ్ములు వెనక్కి వాలి. కొన్నిటి ఒంటిమీద బాణాల్లాంటి గుర్తులు. గుర్రం మాత్రం మర్చిపోలేను. గడ్డం కింద చలికాలపు జుట్టు వేలాడుతూ ఉంటుంది. డొక్క మీద ఇంగ్లీషు ఎం అక్షరంలాంటి మెలిక గీత. పైన ముదురు రంగు చర్మం, కింద తెల్లటి పొట్ట కలిసేచోట అది నిజంగానే అలా ఉంటుంది, మధ్య ఆసియాలో మిగిలిన అడవి గుర్రాల మీద ఇప్పటికీ చూడొచ్చు. ఊహించి వేసిన బొమ్మ కాదది. ఆ గుర్రాల మధ్య బతికినవాడు, ఎదురుగా గుర్రం లేకుండా, చీకట్లో, జ్ఞాపకంతో వేశాడు. చెరిపి మళ్లీ దిద్దినట్టు ఎక్కడా కనిపించలేదు నాకు.

కానీ ముందుగా బొగ్గుతో గీత పెట్టుకుని తర్వాత రంగు దిద్దారని మాత్రం తెలిసింది. జ్యాఁ క్లోత్, ఆయన తోటి శాస్త్రవేత్తలు ఇక్కడి రంగుల్ని సూదిమొన అంత తీసుకుని పరీక్షించారు. నలుపుకి మాంగనీసు రాయి, బొగ్గు. ఎరుపుకి జేగురు, అంటే ఇనుము తుప్పు మట్టి. రంగుని ఉత్తగా పూయలేదు, అందులో వేరే రాళ్ల పొడి కలిపారు, పలచబడకుండా, గోడని పట్టుకునేలా. ఆ పాళ్లు కూడా రెండు మూడు రకాలు. అన్నీ ఒకే కాలంలో వేసినవి కావని దాన్నిబట్టి అనుమానం వచ్చింది. బొగ్గు ఉంటే, అందులోని కార్బన్‌ని కొలిచే రేడియోకార్బన్ పద్ధతిలో వయసు తేల్చవచ్చు. ఒక బైసన్ సుమారు 13,850 ఏళ్లది, ఇంకోటి సుమారు 12,900 ఏళ్లదని తేలింది. ఇవి రేడియోకార్బన్ లెక్క, క్యాలెండర్ ఏళ్లలో ఇంకా పాతవి అవుతాయి. నా దృష్టిలో ఇక్కడ అసలు విశేషం వాటి మధ్య ఉన్న దూరం. ఒకే గదిలో, ఒకే జంతువు, దాదాపు ఒకే పద్ధతిలో వేసినట్టు కనిపించే రెండు బొమ్మలకి మధ్య వెయ్యేళ్లు. తాత వేసింది చూసి మనవడు వేసింది కాదు. మధ్యలో నలభై తరాలున్నాయి.

ఎరుపు బొమ్మకి ఈ పద్ధతి పనికిరాదు, తుప్పులో కార్బన్ ఉండదు. అలాంటిచోట బొమ్మ మీద పేరుకున్న సున్నపు పొర వయసు తీస్తారు, బొమ్మ దానికంటే పాతది అని మాత్రమే చెప్పగలం. ఇండోనేషియాలోని సులవేసి దీవిలో అలా తీసే, పంది బొమ్మ ఒకటి కనీసం 51,200 ఏళ్లదని 2024లో ప్రకటించారు. కాబట్టి యూరప్‌లోనే మనిషి బొమ్మ వెయ్యడం నేర్చాడన్న పాత గర్వం కూడా పోయింది. మంచిదే.

గైడు ఇంకొకటి చూపించింది, దాని గురించి చెప్పకపోతే ఈ ప్రసంగం దండగ. గోడలో ఒక గుంట ఉంది. ఎవరూ చెక్కింది కాదు, సహజంగా ఏర్పడిందే. లైటు ఎదురుగా వేస్తే అది గుంటే. ఆవిడ లైటుని కొంచెం పక్కకి వంచింది. గుంటలోకి నీడ దిగింది, ఆ నీడ అచ్చం మనవైపు తిరిగి చూస్తున్న జింక ముఖంలా తయారైంది. దానికి అటూ ఇటూ ఎవరో నల్లరంగుతో రెండు కొమ్ములు గీశారు. ముఖం గీయలేదు. ముఖం రాయిలోనే ఉంది కదా, గీయడం ఎందుకు? లైటు తిప్పేస్తే ముఖం మాయం, గాలిలో రెండు కొమ్ములు. మళ్లీ వంచితే జింక మళ్లీ చూస్తోంది. మేం నలుగురైదుగురం పిల్లల్లా మళ్లీ వేయండి, మళ్లీ వేయండి అని అడిగాం. బొమ్మ వేసినవాళ్ల చేతుల్లో టార్చి లేదు, కొవ్వు దీపం ఉంది. ఫ్రాన్స్‌లోనే ఉన్న లాస్కో గుహలో అలాంటి రాతి దీపం ఒకటి దొరికింది, గరిటెలా కాడతో. కొవ్వు దీపం మంట ఒక్కచోట నిలవదు, వణుకుతుంది. వణికే వెలుగులో ఆ జింక ఏం చేసేదో మీరే ఊహించండి.

నేను మొదట అన్నది ఇందుకే. ఫోటో తీసేవాడు మంచి లైటు పెట్టి నీడల్ని చంపేసి గీతలు స్పష్టంగా పడేలా తీస్తాడు. అది అతని వృత్తిధర్మం. కానీ ఆ నీడే సగం బొమ్మ. అల్తామిరాలో బైసన్ల ఒళ్లు పైకప్పు రాతి బుడిపెల మీద వేశారు, పొట్ట నిజంగానే ఉబ్బి ఉంటుంది. పేజీ మీద అది బల్లపరుపు. పెద్ద జంతువూ చిన్న జంతువూ పుస్తకంలో ఒకే సైజు. నడిచిన దూరం, చలి, జారిన బండ, ఆరిపోయిన దీపం, ఇవేవీ ఉండవు. బొమ్మ ఒక్కటే కత్తిరించి తెచ్చుకున్నాం.

ఎందుకు వేశారు అని మీరు అడగకముందే చెప్పేస్తాను. వేట బాగా పడాలని వేశారన్న మాట చాలాకాలం నడిచింది. కానీ నియోకి లోయ అవతల, ఎదురుగా లా వాష్ అనే ఇంకో గుహ ఉంది. అక్కడ మనుషులు మకాం వేశారు, తిన్న ఎముకలు కుప్పలుగా దొరికాయి. వాటిలో ఎక్కువ కొండమేకలు, మంచు ప్రాంతపు కౌజులాంటి పక్షులు. ఇవతల గోడమీద ఎక్కువ ఏముందంటే బైసన్లు, గుర్రాలు. తిన్నది ఒకటి, గీసింది ఇంకొకటి. వేట మంత్రమైతే పక్షి బొమ్మలు కొన్నయినా ఉండాలి కదా. తర్వాత ఆడమగ గుర్తులన్నారు, పూనకంలో కనిపించిన రూపాలన్నారు. ఒక్కో సిద్ధాంతం వచ్చినప్పుడు చదివాను, చదివినంతసేపూ నిజమే అనిపించింది. ఆ గదిలో నిలబడ్డప్పుడు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

వీళ్లు మనలాంటివాళ్లే అని నమ్మకం కలిగించింది మాత్రం ఆ గుహకి ఆనుకుని ఉన్న క్లాస్త్ర్ అనే భాగం. నీటి మడుగుల అవతల ఉండటంతో 1970 దాకా ఎవరికీ తెలియలేదు. మామూలు సందర్శకుల్ని పోనివ్వరు. అందులో ఒక ముంగిసలాంటి చిన్న జంతువు బొమ్మ ఉంది, వీజిల్ అంటారు. పట్టుమని పది గీతలు. అంతే, పరుగెత్తబోతున్న వీజిల్. అక్కడే నేలమీద పాదాల గుర్తులున్నాయి, పిల్లలవి కూడా. అంత చీకట్లో పిల్లల్ని ఎవరు రానిచ్చారో! తారస్కాన్ ఊరి దగ్గర ఉన్న పార్కులో వీటి నకళ్లు పెట్టారు. నకలని చిన్నచూపు చూడకండి. అసలు గోడమీద చెరిగిపోయిన గీతలు కూడా అక్కడ కనిపించేలా వేశారు. ముందు నకలు చూసి, తర్వాత గుహకి వెళ్లడం మేలు. కన్నుకి ఏం వెతకాలో తెలుస్తుంది.

నకళ్లు ఎందుకు వచ్చాయో లాస్కో చెబుతుంది. 1940 సెప్టెంబరులో నలుగురు కుర్రాళ్లు ఒక గోతిలోంచి జారి లోపలికి వెళ్లి ఆ గుహని కనిపెట్టారు. 1948లో జనానికి తెరిచారు. 1955 నాటికి రోజుకి 1,200 మంది. అంతమంది ఊపిరి, ఒంటి వేడి, చెమ్మ. దానికితోడు లైట్లు. గోడమీద పచ్చటి పాచి పట్టింది. తర్వాత తెల్లటి సున్నపు పొర మొదలైంది. పదిహేడు వేల ఏళ్లకు పైగా చెక్కుచెదరనిది పదిహేనేళ్లలో పాడైంది. 1963లో మూసేశారు. చూడటానికి వెళ్లినవాళ్లు ఎవరూ చెడ్డవాళ్లు కాదు, గోడమీద చెయ్యి కూడా వేసి ఉండరు. ఊపిరి పీల్చారు, వదిలారు. 1994లో ఫ్రాన్స్‌లోనే షోవే గుహ దొరికినప్పుడు ఆ తప్పు మళ్లీ చెయ్యలేదు, మొదటిరోజు నుంచీ జనానికి తెరవలేదు. అందులో బొమ్మలు ముప్పై ఆరు వేల ఏళ్లవి, ఈ జన్మలో నేను వాటిని చూడను. బాధగానే ఉంది, కానీ మూసి ఉంచినందుకు సంతోషం.

కాబట్టి మీరెప్పుడైనా ఇలాంటి గుహకి వెళితే ముందుగా బుక్ చేసుకోండి, చోటు తక్కువ. పట్టున్న బూట్లు, ఒక స్వెటరు. ఫోటోకి అనుమతి ఉండదు. ఉన్నా తీయకండి, అక్కడ ఉండేది కొద్ది నిమిషాలే. బ్యాగు వీపున ఉంటే తిరిగినప్పుడల్లా గోడకి రాసుకుంటుంది, బయటే వదిలేయండి. గైడు లైటు ఎటు కదిలిస్తే అటు చూడటం కాదు, కదిలేటప్పుడు ఏం మారుతోందో చూడండి. అసలు బొమ్మ అక్కడ ఉంటుంది.

తిరిగి వచ్చేటప్పుడు నేను వరసలో చివర ఉన్నాను, చెక్కుకుపోయిన మోకాలుతో. దారి రెండుగా చీలేచోట గైడు ఆగింది. వెళ్లేటప్పుడు కూడా ఇక్కడే ఆగాం, వెనకబడినవాళ్ల కోసం ఐదు నిమిషాలు నిలబడ్డాం. నేనైతే గోడకి ఎదురుగా నిలబడి టార్చి పనిచేస్తోందా లేదా అని దానిమీదే వేసి చూసుకున్నాను. ఆవిడ తన లైటు అదే గోడమీద వేసి, వెళ్లేటప్పుడు ఇక్కడ ఎవరైనా ఏమైనా చూశారా అని అడిగింది. ఎవరూ మాట్లాడలేదు.

గోడమీద ఎర్రటి చుక్కలు. వరసగా వేలితో అద్దినట్టు. పక్కన నిలువు గీతలు, జేగురు రంగువి, చిన్నచిన్నవి. ఇంత గోడ నిండా. చూపు నిలిపిచూస్తే ఎలా కనపడకుండా పోయాయో అర్థంకానంత స్పష్టంగా ఉన్నాయి. దారి గుర్తులో, లెక్కలో, హెచ్చరికలో ఎవరూ చెప్పలేరు. నేను మాత్రం వాటిమీద టార్చి వేసుకుని, బ్యాటరీ బాగానే ఉందని తృప్తిపడి ముందుకి వెళ్లాను.

ఇరవై ఏళ్లు చదివినవాణ్ణి. గారిగూని చూసి అందరికంటే గట్టిగా నవ్వినవాణ్ణి.

గుహ నోటి దగ్గర టార్చి తిరిగి ఇచ్చేస్తుంటే ఆవిడ నా మొహం చూసి, చాలామంది అలాగే వెళ్లిపోతారు లెండి అంది. బయట ఎండ కళ్లలో పొడిచింది. కాసేపు ఏమీ కనిపించలేదు.